లెక్క రాసేది ఎవరు?

ప్రతి యేడూ మన హాస్టల్ వార్షికోత్సవానికి వచ్చే అతిథులు మైకు అందుకోగానే ఒక మాట తప్పకుండా చెబుతారు. కష్టపడితే సాధించలేనిది లేదు, మీరూ కష్టపడండి, పైకి రండి అంటారు. మనం చప్పట్లు కొడతాం. ఆరేడేళ్లు ఇదే షామియానా కింద కూచుని మేమూ కొట్టాం. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటి మనుషులం మేమే. కష్టం విలువ తెలియక కాదు గానీ, ఆ మాట మీద మాకొక అభ్యంతరం ఉంది. అది చెప్పడానికి ఒక కార్ల రేసు డ్రైవర్ కథ అవసరమైంది.

సంచిక కమిటీ తమ్ముళ్లు వచ్చి, "అన్నా, ఎవరైనా ఛాంపియన్ గురించి రాయండి" అని అడిగారు. ఏ సచిన్ గురించో, సింధు గురించో రాస్తామనుకున్నారు. కార్ల రేసు అనేసరికి పక్కున నవ్వారు. ఫిషింగ్ హార్బర్ గాలి పీల్చి పెరిగిన మనకి డ్రైవరంటే బోటు డ్రైవరే. రేసంటే ఎవరి బోటు ముందొచ్చి జెట్టీకి తగిలితే వాళ్ల చేపకి మంచి రేటు పలకడమే. అయినా రాస్తున్నాం, చదవండి.

కార్ల రేసు మన తెలుగు వాళ్లకి పూర్తిగా కొత్తేమీ కాదు. హైదరాబాదు కుర్రాడు అనిందిత్ రెడ్డి 2016లోనూ 2017లోనూ జాతీయ స్థాయి రేసింగ్ ఛాంపియన్ అయ్యాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటుతో నడిచే ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. మరుసటి యేడు జరగాల్సిన పోటీ రద్దయింది. పక్క రాష్ట్రం కోయంబత్తూరులో పుట్టిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పోటీ చేసిన మొదటి భారతీయుడు. ఆయన తండ్రి కూడా ర్యాలీ ఛాంపియనే. ఎవరి ప్రతిభనీ తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. కానీ ఈ ఆటలో అడుగు పెట్టాలంటే ముందు ఇంట్లో ఏం ఉండాలో చెప్పనక్కర్లేదు. పదేళ్ల వయసులో చిన్న కారు, దానికి టైర్లు, తిరగడానికి ట్రాకు కావాలి. మనకి పదేళ్ల వయసులో సైకిలుకి గాలి కొట్టించుకోడానికి చిల్లర ఉంటే గొప్ప.

ఈ కార్తికేయన్ 2010లో అమెరికా వెళ్లి నాస్కార్ ట్రక్కుల పోటీల్లో దిగాడు. మొదటి రేసు వర్జీనియా రాష్ట్రంలో మార్టిన్స్‌విల్ అనే ఊళ్లో. పదమూడో స్థానంలో వచ్చాడు. ఆ యేడాది ఆ పోటీల్లో జనం మెచ్చిన డ్రైవరుగా అభిమానులు ఓటు వేసింది ఆయనకే. ఇది వెతుకుతూ మ్యాపు చూస్తే మార్టిన్స్‌విల్ పక్కనే, సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, డాన్‌విల్ అనే ఊరు కనిపించింది. మన విశాఖకి విజయనగరం ఎంతో ఇంచుమించు అంత. మేం చెప్పాలనుకున్న మనిషిది ఆ ఊరు. పేరు వెండెల్ స్కాట్.

స్కాట్ కథకి ముందు స్టాక్ కారంటే ఏమిటో చెప్పాలి. ఫార్ములా వన్ కారు పుట్టడమే రేసు కోసం పుడుతుంది. స్టాక్ కారు అలా కాదు. షోరూములో అందరూ కొనుక్కునే మామూలు కారునే తెచ్చి, విప్పి, ఇంజను బిగించి, పరుగెత్తించడం ఈ ఆటకి మూలం. మన హార్బర్లో లారీకి పుట్టిన లేలాండ్ ఇంజనుని బోటులో కూచోబెట్టి సముద్రం మీద నడిపిస్తున్నారు చూడండి, అలాంటి పని. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో దొంగ సారా రవాణా చేసేవాళ్లు పోలీసులకి అందకుండా పారిపోడానికి తమ కార్లని ఇలా బాగుచేసుకునేవారు. మా కారు గొప్పదంటే మా కారు గొప్పదని పందాలు వేసుకోవడంతో ఆట మొదలైంది. 1948లో నాస్కార్ అనే సంస్థ పుట్టి దానికి నియమాలు రాసింది. (సారా మాట అచ్చేస్తే వార్డెన్ గారు ఏమంటారో తెలీదు. చరిత్ర కదా సార్, వదిలెయ్యండి.)

వెండెల్ స్కాట్ 1921లో పుట్టాడు. నల్లజాతి మనిషి. తండ్రి డబ్బున్న తెల్లవాళ్ల ఇళ్లలో డ్రైవరు, మెకానిక్కు. కొడుకు పని నేర్చింది తండ్రి పక్కన నిలబడే. కొన్నాళ్లు టాక్సీ నడిపాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో మెకానిక్‌గా చేశాడు. తిరిగొచ్చి సొంత ఊళ్లో షెడ్డు పెట్టుకున్నాడు. షెడ్డు ఆదాయంతో సంసారం గడవక, రాత్రిపూట సారా తోలాడు. ఒకసారి దొరికిపోయాడు కూడా.

1952లో ఆ ప్రాంతపు రేసుల నిర్వాహకులకి ఒక ఆలోచన వచ్చింది. నల్లవాడిని ఒకణ్ణి దింపితే జనం చూడ్డానికి ఎగబడతారు, టిక్కెట్లు తెగుతాయని. బాగా తోలే నల్లవాడు ఎవరున్నారని ఎవరిని అడిగారో తెలుసా? డాన్‌విల్ పోలీసులని! ఎంత తరిమినా దొరకని స్కాట్ పేరు చెప్పారు వాళ్లు. ఒక మనిషి ప్రతిభకి మొదటి యోగ్యతాపత్రం పోలీసు స్టేషను నుంచి రావడం మాకు నవ్వు తెప్పించింది. తర్వాత ఆలోచిస్తే అంత నవ్వు రాలేదు. అప్పటిదాకా ఆయన పేరు ఇంకే పుస్తకంలోనూ లేదన్నమాట.

మొదటి రేసులో జనం ఎగతాళి చేశారు. స్కాట్ మానలేదు. నాస్కార్ వాళ్ల రేసులకి పోతే గేటు దగ్గరే వెనక్కి పంపారు. కావాలంటే నీ కారుని తెల్లవాడి చేతికిచ్చి తోలించుకో అన్నారు ఒకచోట. ఆయన ఇవ్వలేదు. కారు తన చేత్తో బిగించింది, తనే తోలాలి. చివరికి ఒక చిన్న అధికారి పుణ్యమా అని లైసెన్సు దొరికింది. 1959లో వర్జీనియా రాష్ట్ర స్పోర్ట్స్‌మన్ విభాగంలో ఛాంపియన్ అయ్యాడు. 1961లో అన్నిటికన్నా పెద్ద విభాగంలోకి, గ్రాండ్ నేషనల్ అనేవారు దాన్ని, అడుగు పెట్టాడు.

అక్కడ పెద్ద పెద్ద జట్లకి కార్ల కంపెనీలే కొత్త ఇంజన్లు ఇచ్చేవి. స్కాట్‌కి ఏ కంపెనీ అండా లేదు. ఇంకొకరు వాడి అమ్మిన కారు, ఇంకొకరు అరగదీసి పారేసిన టైర్లు. నంబరు 34. తన కారు తనే తోలుకుని వెళ్లి, తనే విప్పి, తనే బిగించి, తనే రేసు తోలి, మళ్లీ దాన్ని లాక్కుని ఇంటికి వచ్చేవాడు. పిట్టులో పనివాళ్లు ఎవరంటే సొంత పిల్లలే.

ఇక అసలు సంగతి. 1963 డిసెంబరు 1. ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో అర మైలు మట్టి ట్రాకు, 200 చుట్లు. స్కాట్ తోలుతున్నది నెడ్ జారెట్ అనే డ్రైవరు దగ్గర కొన్న షెవ్రొలె. ఇంకా 25 చుట్లు ఉన్నాయనగా, అప్పటి మహామహుడు రిచర్డ్ పెటీని దాటేశాడు. రెండు వందల చుట్లు పూర్తయ్యాయి. గీత దాటాడు. గళ్ల జెండా ఊపలేదు. సరే, తోలుతూ పోయాడు. మళ్లీ గీత దాటాడు. జెండా లేదు. కాసేపటికి ఆయన వెనక ఉన్న బక్ బేకర్ అనే డ్రైవరుకి జెండా ఊపి, అతనే గెలిచాడని చెప్పి, ట్రోఫీ చేతిలో పెట్టి, ఫొటోలు తీశారు.

అప్పట్లో చుట్లు లెక్కపెట్టేది యంత్రం కాదు. మనుషులు కూచుని కాగితం మీద గీతలు పెట్టుకోవాలి. స్కాట్ తను గెలిచానని పట్టుపట్టాడు. కాగితాలు మళ్లీ తీశారు. కొన్ని గంటల తర్వాత తేలిందేమంటే, స్కాట్ రెండు చుట్లు ముందున్నాడు. అంటే 200 కాదు, 202 చుట్లు తోలాడు! అప్పటికి జనం వెళ్లిపోయారు, ట్రోఫీ వెళ్లిపోయింది. ప్రైజు డబ్బు ఇచ్చారు. లెక్కలో పొరపాటు జరిగిందన్నారు అధికారులు. గెలిచినవాడిని అందాల రాణి ముద్దు పెట్టుకోవడం అక్కడ ఆనవాయితీ, నల్లవాణ్ణి ఒక తెల్ల అమ్మాయి జనం ముందు ముద్దు పెట్టుకోవడం వాళ్లకి ఇష్టం లేక చేశారన్నది స్కాట్ మాట. మేము స్కాట్ మాటే నమ్ముతున్నాం. పొరపాటు ఒక చుట్టు దగ్గర జరగొచ్చు. రెండు చుట్ల తేడా కళ్ల ముందు తిరుగుతుంటే కనబడకపోవడాన్ని పొరపాటు అనడానికి మాకు నోరు రావడం లేదు.

ఆ తర్వాత పదేళ్లు ఆయన రేసులు తోలాడు. 1966లో మొత్తం పట్టికలో ఆరో స్థానం. మొత్తం 495 రేసులు, గెలుపు ఆ ఒక్కటే. 1973లో టాలడేగాలో జరిగిన పెద్ద ప్రమాదంలో బాగా దెబ్బలు తగిలి, ఆ యేడుతో దాదాపుగా ఆగిపోయాడు. 1977లో ఆయన కథ మీద గ్రీజ్డ్ లైట్నింగ్ అని సినిమా కూడా వచ్చింది. 1990 డిసెంబరులో చనిపోయాడు. 2015లో నాస్కార్ గౌరవ మందిరంలో ఆయన పేరు చేర్చారు. ఆ గెలుపు ట్రోఫీని నాస్కార్ ఆయన కుటుంబానికి ఇచ్చింది 2021 ఆగస్టు 28న. గెలిచి 57 ఏళ్లు దాటాక, చనిపోయి 30 ఏళ్లు దాటాక. అదే యేడు అక్టోబరులో బబ్బా వాలెస్ టాలడేగాలో గెలిచేదాకా, ఆ పెద్ద పోటీల్లో ఇంకో నల్లజాతి డ్రైవరు గెలవనే లేదు.

ఆలస్యమైనా కష్టానికి ఫలితం దక్కింది కదా అంటారు కొందరు. మేం ఈ కథ చెబితే మా క్లాసులోనే ఒక స్నేహితుడు అన్నాడు. ఎవరికి దక్కింది? ట్రోఫీ అందుకున్నది కొడుకు. కష్టపడమని ఆయనకి ఎవరైనా చెప్పాల్సిన పని ఉందా? గెలవడానికి అక్కర్లేని రెండు చుట్లు ఎక్కువ తోలిన మనిషి ఆయన. ఆయన దగ్గర లేనిదల్లా ఆ కాగితమూ పెన్సిలే. అతిథులు చెప్పే మాట మీద మా అభ్యంతరం ఇదే. కష్టపడు అన్నది సగం మాట. రెండో సగం, నీ లెక్క ఎవరు రాస్తున్నారో చూసుకో, నువ్వూ రాసి పెట్టుకో అన్నది. అది మనకి ఎవరూ చెప్పరు.

మా అమ్మకి చదువు రాదు. హార్బర్లో వేలం పాటలో చేప పాడి, గంపకెత్తి, టౌనులో వీధులు తిరిగి అమ్ముతుంది. పెట్టుబడి అప్పు. మా ఇంటి తలుపు వెనక గోడ మీద బొగ్గు గీతలు ఉండేవి. అరువు తెచ్చిన ప్రతి గంపకీ ఒక గీత. డబ్బు కట్టగానే తడి గుడ్డతో తుడిచేది. ఒక ఆదివారం పదకొండు గంపలన్నాడు అప్పిచ్చినాయన. అమ్మ తొమ్మిదంది. "ఏటమ్మా, పుస్తకంలో పదకొండుంటే" అన్నాడు. "నీ పుస్తకం నువ్వు రాసుకున్నావు బావూ, నా గోడ నేను రాసుకున్నాను. రా, సూడు" అంది. ఆయన వచ్చి చూశాడు. తొమ్మిదికే ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు ఆ గీతలు చూసి స్నేహితుల ముందు సిగ్గుపడేవాళ్లం. గోడంతా మసి అని.

హార్బర్లో గోడ లేనివాళ్లే ఎక్కువ. బోటు పదీ పదిహేను రోజులు సముద్రం మీద ఉండి వస్తుంది. చేప అమ్మాక డీజిలు, ఐసు, రేషను ఖర్చులు తీసేసి మిగిలింది వాటాలు వేస్తారు. ఖర్చు ఎంతయిందో రాసిన పుస్తకం కలాసీ చేతికి వచ్చే బోట్లు ఎన్ని? 2023 నవంబరు 19 అర్ధరాత్రి హార్బర్లో మంటలు లేచి పదుల బోట్లు కాలిపోయినప్పుడు మనలో చాలామంది జెట్టీకి పరుగెత్తాం. బోటుకి విలువ కట్టడానికి కాగితాలున్నాయి. దాని మీద ఇరవై ఏళ్లు పనిచేసినవాడు ఎన్ని ట్రిప్పులు వెళ్లాడో మాత్రం ఏ కాగితం మీదా లేదు.

చదువుకున్నాం కాబట్టి మనకి ఈ బాధ లేదనుకోకండి. డిగ్రీ రెండో సంవత్సరంలో మాలో ముగ్గురికి స్కాలర్‌షిప్ పడలేదు. అడిగితే, మీరు అసలు దరఖాస్తే పెట్టలేదన్నారు. ముగ్గురం ఒకే రోజు ఒకే కట్టగా ఇచ్చాం. ఇద్దరి దగ్గర రసీదు లేదు. మూడోవాడి రసీదు వాళ్లమ్మ బియ్యం డబ్బాలో దాచింది. ఆ ఒక్క కాగితం మీది నంబరు పట్టుకుని వెతికిస్తే, ఆ కట్టలోనే మిగతా రెండూ దొరికాయి. దీనికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో ఒకడు ఫీజు కట్టలేక చదువు మానేశాడు. ఇప్పుడు బోటు మీద ఉన్నాడు. బాగా చదివేవాడు, మాకన్నా బాగా. అతను కష్టపడలేదని ఏ అతిథైనా అనగలరా?

మరొక మాట. మార్కులు తక్కువొస్తే "మెకానిక్ షెడ్డుకి పోతావా" అని మన దగ్గర తిడతారు. తిట్టేది బయటివాళ్లు కాదు, మనమే. నడి సముద్రంలో ఇంజను ఆగిపోతే, చేతిలో ఉన్న తీగముక్కతో దాన్ని మళ్లీ పలికించి పది మందిని ఒడ్డుకి చేర్చే చేతులు మన నాన్నలవి, మామలవి. అది తిట్టు ఎలా అయిందో మాకు అర్థం కాదు. స్కాట్ కారు దిగితే మెకానిక్కే.

ఈ వ్యాసం కోసమని హాస్టల్ ఆఫీసు గది ఇనప బీరువా తెరిపించాం. అందులో ఏడు కప్పులున్నాయి. నాలుగింటికి పేరు రేకు లేదు. ఎవరు గెలిచారో, ఏ యేడో, ఏ ఆటో వార్డెన్ గారికీ తెలీదు, వంట మాస్టారికీ తెలీదు. మన హాస్టల్లో ఎవరెవరు చదివారు, ఎవరు ఏం సాధించారు, ఎవరు మధ్యలో ఆగిపోయారు, ఎందుకు ఆగిపోయారు అన్న పుస్తకం ఒక్కటీ లేదు. హాజరు పట్టీలున్నాయి. అవి ఎంత బియ్యం ఖర్చయిందో చెప్పడానికి. ఒకరి పేరు కొట్టేశారంటే ఆ రోజు నుంచి అతనికి భోజనం లేదని అర్థం. అతనేమయ్యాడన్న గడి అందులో ఉండదు.

అందుకని చందాలు వేసుకుని నాలుగు వందల పేజీల రిజిస్టరు ఒకటి కొన్నాం. ఆఫీసు గదిలో టేబులు మీద ఉంటుంది. పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు భోజనాలకి ముందు ఆ గదికి ఒకసారి వెళ్లండి. మీ పేరు, ఉన్న సంవత్సరాలు, ఆడిన ఆటలు, చేసే పని రాయండి. ఉద్యోగం వచ్చినవాళ్లే రాయాలని కాదు. ఆగిపోయిన వాళ్లని తీసుకొచ్చి మరీ రాయించండి. రాయడం ఇష్టం లేకపోతే చెప్పండి, ఎనిమిదో తరగతి తమ్ముళ్లు రాస్తారు, దస్తూరి బాగుంది.

మొదటి పేరు ఇప్పటికే పడింది. మొన్న హాస్టల్ నీళ్ల మోటారు పాడైతే బాగుచెయ్యడానికి ఒకాయన వచ్చాడు. మేము ఎనిమిదిలో చేరినప్పుడు ఆయన పదిలో ఉండేవాడు. కబడ్డీ కెప్టెను. పది తర్వాత మానేసి బోటెక్కి, ఇప్పుడు ఇంజను పని చేస్తున్నాడు. చేతులు తుడుచుకుంటుంటే బీరువా దగ్గరికి తీసుకెళ్లి, రేకు లేని పెద్ద కప్పు చూపించి, "అన్నా, ఇది మీరు గెలిచిందే కదా" అని అడిగాం. కప్పు అటూ ఇటూ తిప్పి చూశాడు. రిజిస్టరులో అప్పటికే ఒక తమ్ముడు "జిల్లా స్థాయి కబడ్డీ, ప్రథమ బహుమతి" అని రాయడం మొదలుపెట్టాడు.

"ఆగరా, ఆగు. గెలవలేదు. ఫైనల్లో మూడు పాయింట్లతో ఓడిపోయాం. రన్నర్స్ కప్పది" అన్నాడు. "కొట్టేసి, రెండో బహుమతని రాయి."